వేప గింజ, బీటీ స్ఫటికం



పొలం గట్టు మీది వేపచెట్టు మనకు కొత్త కాదు. ఆ గట్టు మట్టిలోనే మనకు కనిపించని ఇంకో ప్రాణి ఉంటుంది. దాని పూర్తి పేరు బాసిల్లస్ థురింజియెన్సిస్. నోరు తిరగని పేరే గానీ పొడి అక్షరాల్లో చెబితే పత్తి రైతులందరికీ తెలుసు: బీటీ. విత్తనం పాకెట్టు మీద ఉండే బీటీ అదే. ఒక బాక్టీరియా.

వేపచెట్టు నలభై యాభై అడుగులు పెరుగుతుంది, వందేళ్ళు దాటి బతుకుతుంది. ఈ బాక్టీరియాలను నిలువునా వరసగా పేర్చుకుంటూ పోతే రెండు మూడు వందలు చేరితే గానీ ఒక మిల్లీమీటరు కాదు. అనువైన తిండి, వేడి దొరికితే గంట తిరక్కుండానే ఒకటి రెండవుతుంది. ఇలాంటి రెంటినీ పోల్చడానికి ఏముందని మీరు అడగవచ్చు. రెండూ పురుగుకు పగవాళ్ళే. రెండూ మన పొలాల్లోకి వచ్చినవే. కానీ ఒకదాని బలం కంపెనీ పాకెట్టులోకి ఎక్కి వందల రూపాయలకు అమ్ముడుపోయింది. రెండోదాని బలం ఇప్పటికీ ఆషాఢమాసంలో చెట్టు కింద రాలి, తొక్కుడుపడి, వానకు కుళ్ళిపోతోంది. వ్యాపారం సంగతి అలా ఉంచండి. ఈ తేడాకు అసలు కారణం ఆ రెండు ప్రాణుల తయారీలోనే ఉందని నా అభిప్రాయం. ఇవాళ చెప్పబోయేది అదే.

ముందు బాక్టీరియా కథ. 1901లో జపానులో పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే ఇషివాతా అనే శాస్త్రవేత్త చచ్చిన పురుగుల్లో ఒక బాక్టీరియాను పట్టుకున్నాడు. అంటే మొదట ఇది రైతుకు నష్టం చేసిన రోగంగానే లోకానికి తెలిసింది. పదేళ్ళ తరువాత జర్మనీలో ఎర్నెస్ట్ బెర్లినర్ పిండిమరలో దొరికిన చిమ్మట పురుగుల్లో ఇలాంటిదే చూశాడు. ఆ పిండి వచ్చింది థురింజియా ప్రాంతం నుంచి కాబట్టి ఆ ప్రాంతం పేరే దీనికి పెట్టాడు. పట్టుపురుగును చంపేది పంట తినే పురుగును మాత్రం ఎందుకు చంపదు అన్న ఆలోచన అక్కడినుంచే మొదలైంది. 1938 నాటికి ఫ్రాన్సులో దీన్ని పురుగుమందుగా అమ్మారు.

ఇది పురుగును ఎలా చంపుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. తిండి ఉన్నన్నాళ్ళూ ఈ బాక్టీరియా మామూలుగా చీలుతూ పెరుగుతుంది. తిండి అయిపోగానే పద్ధతి మార్చేస్తుంది. కణం లోపల ఒక చివర గుండ్రంగా, గట్టి పొరలతో ఒక బీజం తయారవుతుంది. దాన్ని స్పోరు అంటారు. ఆ స్పోరు పక్కనే, అదే కణంలో, రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఒక స్ఫటికం పేరుకుంటుంది. సూక్ష్మదర్శినిలో రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. చివరికి కణం గోడ పగిలి స్పోరు, స్ఫటికం బయటపడతాయి. ఆ స్ఫటికమంతా ప్రోటీనే. దాన్ని మనం తిన్నా పనిచెయ్యదు, ఎందుకంటే మన కడుపులో ఉండేది ఆమ్లం. గొంగళిపురుగు పేగులో ఉండేది క్షారం. ఆ క్షారంలో స్ఫటికం కరుగుతుంది. పురుగు పేగులోని ఎంజైములే దాన్ని కత్తిరించి విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు గోడ మీద తనకు సరిపడే చోటు వెతుక్కుని అతుక్కుంటుంది, తాళంలో తాళంచెవి దూరినట్టు. అతుక్కున్న చోట పేగుకు చిల్లు పడుతుంది. పురుగు కొన్ని గంటల్లోనే తినడం మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. చచ్చిన పురుగు ఒళ్ళే స్పోరుకు విందు.

తాళం కుదిరితేనే తాళంచెవి పని. అందుకే ఒక్కో రకం బీటీ ఒక్కో కోవ పురుగులనే చంపుతుంది. గొంగళిపురుగులకు కుర్‌స్టాకీ అనే రకం. దోమ పిల్లలకు ఇజ్రాయెలెన్సిస్ అనే మరో రకం. ఇది 1976లో ఇజ్రాయెల్‌లోని నెగేవ్ ఎడారిలో ఒక నీటిగుంటలో దొరికింది. మన పట్టణాల మురుగుకాల్వల్లో దోమల కోసం చల్లే మందుల్లో ఇదీ ఒకటి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. ఈ స్ఫటికం తయారుచేసే జన్యువులు ఆ బాక్టీరియా ప్రధాన క్రోమోజోములో కాక, చాలావరకు ప్లాస్మిడ్లనే చిన్న చిన్న డీఎన్ఏ ఉంగరాల్లో ఉంటాయి. బాక్టీరియాలు ప్లాస్మిడ్లను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ ఉంగరం పోయిన బీటీ బాసిల్లస్ సీరియస్ అనే దాని దగ్గరి చుట్టం నుంచి వేరుగా గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఆ సీరియస్ ఎవరో కాదు. వండిన అన్నాన్ని గంటల తరబడి అలాగే వదిలేసి, మర్నాడు వేయించుకుని తిన్నవాళ్ళకు వాంతులు పట్టించేది అదే. దాని స్పోరు అన్నం ఉడికినా చావదు, అది అన్నంలో వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఇంకో దగ్గరి చుట్టం పశువులకు దొమ్మ రోగం తెచ్చే ఆంత్రాక్స్ బాక్టీరియా. దాని ప్రాణాంతక బలం కూడా ముఖ్యంగా రెండు ప్లాస్మిడ్లలోనే ఉంది. 2000లో నార్వే శాస్త్రవేత్తలు ఈ మూడింటి జన్యువులనూ పోల్చి, లెక్కప్రకారం ఇవి మూడూ ఒకే జాతి అనాలని రాశారు. విని కంగారుపడకండి. బీటీ మందు చల్లితే పశువులకు దొమ్మ రాదు. అరవై డెబ్భై ఏళ్ళుగా ప్రపంచమంతా చల్లుతున్న మందు అది. నేను చెప్పేదల్లా, ఈ బాక్టీరియాను ఒక జాతిగా విడిగా నిలబెట్టే గుణమే విడదీసి ఇంకొకరికి ఇవ్వగలిగిన గుణమని.

ఇప్పుడు వేప దగ్గరికి వద్దాం. వేప తన చేదును ఎవరికీ ఇవ్వదు. పక్కనే తురకవేప పెరిగినా దాని గుణాలు దీనికి రావు, దీనివి దానికి పోవు. పుప్పొడి వేపనుంచి వేపకే. అందుకని వేప జాతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి వృక్షశాస్త్రజ్ఞుడు పెద్దగా తడుముకోడు.

చేదు పురుగుకు పడదని మన అవ్వలకు ఎప్పుడో తెలుసు. ధాన్యం గాదెలో, పప్పు డబ్బాలో, ఉన్నిబట్టల మడతల్లో ఎండిన వేపాకు వేసేది అందుకే. ప్రయోగశాలకు ఈ సంగతి ఆలస్యంగా అందింది. 1959లో సూడానులో మిడతల దండు వచ్చి చెట్టూచేమా అంతా ఒలిచేస్తే వేపచెట్లు మాత్రం ఆకుతో నిలబడ్డాయి. అది కళ్ళారా చూసిన హైన్రిచ్ ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన పని మొత్తం వేప మీదికి మళ్ళించాడు. 1962లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్ళు మిడతల దండు వచ్చినప్పుడు వేపగింజల నీళ్ళు చల్లి చూశారు. చల్లిన పైరు మీద మిడతలు వాలాయి గానీ కొరకలేదు. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ అనే ఇద్దరు గింజలోంచి అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

అజాడిరాక్టిన్ పురుగును బీటీలాగా చిల్లు పెట్టి చంపదు. ముందు నోరు కట్టేస్తుంది, రుచి చూసిన పురుగు మేత మానేస్తుంది. కాస్త లోపలికి పోయిందంటే పురుగు కుబుసం విడిచే హార్మోన్లను తారుమారు చేస్తుంది. పాత చర్మం విడవలేక, కొత్త చర్మంలోకి రాలేక సగంలో చిక్కుకుని పురుగు చస్తుంది. బతికినవి కూడా గుడ్లు సరిగా పెట్టవు. రైతుకు వేప మీద నమ్మకం కుదరకపోవడానికి కారణం ఇదే. మందు కొట్టిన సాయంత్రం పురుగు కింద పడి ఉండాలి మనకు. వేప కొట్టిన మర్నాడు పొద్దున పురుగు ఆకు మీదే ఉంటుంది. తినదు, అంతే. అది గమనించడానికి ఓపిక కావాలి.

వేపలో ఉన్నది అజాడిరాక్టిన్ ఒక్కటే కాదు. సలానిన్, నింబిన్ లాంటి చేదు పదార్థాలు వందకు పైగా ఉన్నాయి. నింబిన్ వంటివాటిని 1942లోనే సలీముజ్జమాన్ సిద్ధిఖీ అనే రసాయన శాస్త్రవేత్త గింజల నూనెలోంచి వేరుచేశాడు. ఒక్క అజాడిరాక్టిన్‌ను తయారుచేయడానికే చెట్టు ఎన్నో ఎంజైములను వరసగా పనిలోకి దింపుతుంది. బీటీ స్ఫటికానికి ఒక్క జన్యువు చాలు. వేప అణువుకు జన్యువుల జట్టు కావాలి. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం ఈ ఒక్క అణువును ప్రయోగశాలలో మొదటినుంచి కట్టడానికి 22 ఏళ్ళు కష్టపడింది. 2007లో సాధించింది. మెచ్చుకోవలసిన ఘనతే. కానీ ఆ దారిన మందు తయారుచేసి అమ్మాలంటే ఎవరూ కొనలేరు. చివరికి కంపెనీలు కూడా చెట్టు కింద గింజలు ఏరేవాళ్ళ దగ్గరికే రావాలి.

బీటీ జన్యువు అలా కాదు. 1981లో దాన్ని విడదీసి ఇంకో బాక్టీరియాలో పెట్టారు. 1987లో బెల్జియంలో పొగాకు మొక్కలో పెట్టారు. 1996లో అమెరికా పొలాల్లో బీటీ పత్తి వేశారు. మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. అంతకు ముందు నాలుగైదేళ్ళు వరంగల్లు పత్తిచేలలో ఏం జరిగిందో ఈ ప్రసంగం వింటున్న పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎన్ని మందులు కలిపి కొట్టినా పురుగు చావక, అప్పులు తీరక, ఆ మందే తాగిన రైతుల పేర్లు రోజూ పేపర్లో చదివాం. కాబట్టి మొదటి ఏళ్ళలో బీటీ పత్తి కాయ మీద శనగపచ్చ పురుగు కనిపించకపోతే రైతు ఊపిరి పీల్చుకున్నాడంటే తప్పుపట్టలేం. 450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలకు పైగా పలికినా కొన్నాడు. అందులో పెద్ద వాటా ఆ జన్యువుకు కట్టే రుసుమే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు వేసి పోరాడాక ధర 750కి దిగింది.

ఒక తాళంచెవి మీదే ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో తరువాత చూశాం. కోట్ల ఎకరాల్లో, ప్రతి మొక్కలో, ప్రతి ఆకులో, పొద్దస్తమానం అదే విషం. పురుగుల్లో ఏ ఒక్కదానికో పుట్టుకతోనే పేగు మీది తాళం కాస్త వంకరగా ఉంటుంది. దానికి ఈ విషం అతకదు. మిగతావన్నీ చస్తే పిల్లలు పెట్టేది అదే. 2010 నాటికి గుజరాత్‌లో పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని తేలింది. అప్పటికే రెండు విషాలు కలిపిన రెండో రకం వచ్చింది. కొన్నేళ్ళకే దాన్నీ దాటేసింది. గుడ్డిపూలు విప్పి చూస్తే లోపల గులాబీ చారల పురుగు దర్జాగా కూర్చుని ఉండడం ఇప్పుడు తెలంగాణలో, రాయలసీమలో, గుంటూరులో ఏ పత్తి రైతుకూ వింత కాదు.

దీన్ని ఆపడానికి మార్గం లేకపోలేదు. పాకెట్టుతోపాటే 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చేవారు, చేను చుట్టూ వెయ్యమని. విషం లేని ఆ మొక్కల మీద మామూలు పురుగులు పెరిగి, తట్టుకున్నవాటితో జతకట్టి, వాటి సంఖ్యను పెరగనివ్వకూడదని ఉద్దేశం. మనవాళ్ళు చాలామంది ఆ పొట్లాన్ని పక్కన పడేశారు. ఉన్న రెండెకరాల్లో పురుగు కోసం నాలుగు సాళ్ళు వదలమంటే ఎవరికి మనసొప్పుతుంది? అంత చిన్న కమతాలకు ఆ నియమం పెట్టిన వాళ్ళదే తప్పని నేనంటాను. అమెరికాలో అదే బీటీ పత్తిని, గొడ్డు చిమ్మటలను విమానాల్లోంచి వదలడాన్ని, పొలాలు ఖాళీగా ఉంచే గడువును కలిపి వాడి 2018లో గులాబీ రంగు పురుగును పత్తి పండే ప్రాంతాలన్నిట్లో లేకుండా చేశామని ప్రకటించుకున్నారు. విషం ఒకటే. వాడిన తీరు వేరు.

వేపకు ఇలాంటి గతి పట్టదా? దీనికి జవాబుగా 1995లో కెనడాలో చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. పేనుబంకను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు శుద్ధి చేసిన అజాడిరాక్టిన్ ఒక్కటే, రెండో గుంపుకు వేపగింజ ముతక కషాయం, నలభై తరాలపాటు పెట్టారు. శుద్ధమైన మందు తిన్న గుంపు దాదాపు తొమ్మిది రెట్లు తట్టుకునే శక్తి తెచ్చుకుంది. ముతక కషాయం తిన్న గుంపుకు ఆ శక్తి రానేలేదు. అన్ని రకాల చేదులను ఒక్కసారిగా దాటడం పురుగు వల్ల కాలేదు. శుద్ధి చెయ్యడమే మేలన్న మన అలవాటు ఆలోచనకు ఇది ఎదురు. పెరట్లో రోట్లో దంచిన గింజ ఈ ఒక్క విషయంలో ఫ్యాక్టరీ సీసాను గెలిచింది.

వేప మీద పేటెంటు తగాదా మీకు గుర్తుండే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి వేపనూనెతో బూజుతెగుళ్ళను అదుపుచేసే పద్ధతి మీద ఐరోపాలో పేటెంటు తెచ్చుకున్నాయి. పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ తదితరులు సవాలు చేశారు. 2000లో అది రద్దయింది, అప్పీలు కూడా 2005లో కొట్టివేశారు. మనవాళ్ళు గర్వపడ్డారు, పడాల్సిందే. కానీ గెలిచాక ఆ గింజను ఎంతమంది ఏరుకున్నారు?

ఏరుకున్న ఊళ్ళు లేకపోలేదు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు వేపగింజల కషాయంతో, లింగాకర్షక బుట్టలతో, ఎర పంటలతో రసాయన మందులు మానేసి 2003-04 ప్రాంతంలో తమది మందు కొట్టని ఊరని చెప్పుకున్నారు. అక్కడ పండింది కూడా పత్తి, మిరపే.

వేపను నెత్తిన పెట్టుకుని బీటీని తిట్టడం నా ఉద్దేశం కాదు. కాయ లోపల దూరిన గులాబీ పురుగుకు వేప కషాయం అందదు. ఎండ తగిలితే రెండూ పాడవుతాయి, బీటీ స్ప్రే అయినా, వేప కషాయం అయినా, అందుకే సాయంత్రం పూటే కొట్టాలి. ఇంకో లోటు కూడా ఉంది. వందేళ్ళు బతికే వేప విత్తనానికి కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి సన్నగిల్లుతుంది. గంటల లెక్కన బతికే బాక్టీరియా స్పోరు మాత్రం మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉండి మళ్ళీ లేస్తుంది. ఆపద వచ్చినప్పుడు ఈ ఆయుష్షుల తేడా తెలుస్తుంది. 2021లో తెలంగాణలో, ఆంధ్రలో వేపచెట్లు కొమ్మల చివరల నుంచి మాడిపోతూ వచ్చాయి. ఊళ్ళలో ఏదో కీడని దండాలు పెట్టారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని, రసం పీల్చే తేయాకు దోమ దానికి తోడయింది. బాక్టీరియా అయితే ఈపాటికి ఎన్నో వేల తరాలు మారి ఆ తెగులుకు ఏదో ఒక అడ్డు కనుక్కునేది. చెట్టుకు తరం మారడానికే ఏళ్ళు పడుతుంది. అది నిలబడి కాచుకోవాలి. చాలాచోట్ల మళ్ళీ చిగిర్చింది కూడా.

రైతు సోదరులకు, అక్కలకు, చెల్లెళ్ళకు చివరిగా కొన్ని మాటలు. జూన్, జూలైలలో వేపపళ్ళు రాలేటప్పుడు ఏరించండి. గుజ్జు కడిగేసి గింజలను నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు. గాలి ఆడే గోనెసంచిలో దాచండి. ప్లాస్టిక్ సంచిలో పోస్తే బూజు పడుతుంది. కావలసినప్పుడు పైపెంకు తీసిన పప్పు ఐదు కిలోలు పొడిచేసి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున మూటను బాగా పిసికి పిండి, వడకట్టి, వంద గ్రాముల సబ్బుపొడి కలిపి వంద లీటర్లు చెయ్యండి. అదే రోజు సాయంత్రం కొట్టేయండి, మర్నాటికి దాచకండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి, బాగా ఎదిగాక కాదు. హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ వేసేవాళ్ళు తోట దగ్గర బీటీ స్ప్రే గానీ వేప కషాయం గానీ కొట్టకండి, పట్టుపురుగూ పురుగే. వేపనూనెను చంటిపిల్లల చేత మాత్రం తాగించకండి, ప్రాణం మీదికి వస్తుంది. పత్తి వేసేవాళ్ళు డిసెంబరు దాటాక చేనును పొడిగించకుండా మోళ్ళు పీకేస్తే గులాబీ పురుగుకు తరువాతి పంట దాకా ఉండే చోటు తగ్గుతుంది.